వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత గీతలు, కొత్త బళ్లు

ఏటా ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ శివార్లలో వుడ్‌వర్డ్ అవెన్యూ నిండా పాత కార్లు తిరుగుతాయి. 1995లో ఫెర్న్‌డేల్ ఊరివాళ్లు పిల్లల సాకర్ మైదానం కోసం డబ్బు పోగుచేద్దామని మొదలుపెట్టిన సంబరం ఇది. ఇప్పుడు ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా ఊళ్లకు ఊళ్లు రోడ్డు పక్కన మడతకుర్చీలు వేసుకుని కూర్చుంటాయి. దీన్ని డ్రీమ్ క్రూజ్ అంటారు. చాలామంది 1960ల బళ్లు చూడ్డానికి వెళ్తారు. నేను వెళ్లింది మాత్రం ఆ పాత బళ్లను గుర్తుచేసేలా ఈ ఇరవై ఏళ్లలో తయారైన ఫోర్డ్ మస్టాంగ్, డాడ్జ్ ఛాలెంజర్, షెవ్రోలే కమారోల కోసం. అసలుదీ కొత్తదీ ఒకే సిగ్నల్ దగ్గర పక్కపక్కన ఆగితే చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఫొటోల్లో కొలతలు తెలియవు. రెండు బళ్ల మధ్యా నిలబడితేనే తెలుస్తుంది.

ఒహాయోలోని కొలంబస్ నుంచి టొలీడో మీదుగా దారి. చెప్పుకోవడానికి ఏమీ లేదు, మొక్కజొన్న చేలు తప్ప. మిషిగన్‌లోకి వచ్చాక ఐ-75 హైవే పక్కన ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీ కనిపిస్తుంది. 2005 మోడల్ నుంచీ మస్టాంగ్ తయారయ్యేది అక్కడే. పెద్ద తెల్లటి గోడలు, బారులు తీరిన పార్కింగ్. కారు వేగం తగ్గించి చూసుకుంటూ పోయాను.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పెదనాన్న ఉంటారు. 1972లో వేన్ స్టేట్ యూనివర్సిటీకి చదువుకోడానికి వచ్చి, ఇక్కడే ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ రోజుల్లో యూనివర్సిటీ పక్కనే ఈ వుడ్‌వర్డ్ రోడ్డు. రాత్రిళ్లు దీని మీద పందేలు జరిగేవని, కంపెనీల ఇంజినీర్లే కొత్త ఇంజన్లు పెట్టుకుని వచ్చేవాళ్లని అందరూ చెప్పుకునేవారట. "నేను వచ్చేసరికే ఆ జోరు తగ్గిపోయిందిరా" అన్నారాయన. అది నిజమే. 1964లో పాంటియాక్ జీటీఓ అనే కారుతో ఊపందుకున్న పోకడ అది. మధ్యరకం బాడీలో పెద్ద వీ-8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ పెట్టి, కుర్రాళ్లు కొనగలిగే ధరకు అమ్మడం. 1970లో వచ్చిన గాలి కాలుష్య చట్టం, కుర్రాళ్లకు ఆకాశానికంటిన ఇన్సూరెన్స్ ప్రీమియాలు, 1973 చమురు సంక్షోభం మూడూ కలిసి దాన్ని పదేళ్లలోనే ముగించాయి. మొదటి ఛాలెంజర్ 1974తో ఆగిపోయింది. పెట్రోలు బంకుల దగ్గర క్యూలో నిలబడ్డ జ్ఞాపకం పెదనాన్నకు ఇప్పటికీ ఉంది.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంకి వెళ్లాం. నాకు కావలసింది అక్కడ ఒక్కటే, మొదటి సీరియల్ నంబర్ మస్టాంగ్. కప్పు మడిచేసే తెల్లటి కన్వర్టిబుల్. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో మస్టాంగ్‌ని లోకానికి చూపించకముందే, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక డీలరు దీన్ని ఓ విమానం పైలట్‌కి అమ్మేశాడు. కంపెనీ తర్వాత బతిమాలి, మరో కొత్త మస్టాంగ్‌ని ఆయనకిచ్చి దీన్ని వెనక్కి తెచ్చుకుంది. దగ్గరకెళ్లి చూస్తే ఎంత చిన్న బండో. తలుపు మందం చూస్తే బెత్తెడు కూడా లేదనిపించింది. చక్రాలు బాడీలోకి నక్కి ఉన్నాయి. కానీ వెనక్కి వెళ్తే అవే మూడు నిలువు దీపాలు. పక్కన తలుపు మీదుగా సాగి వెనక చక్రం ముందు వంపు తిరిగే అదే గీత. పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ.

2005 మస్టాంగ్ గీసినవాళ్లు ఇక్కడి నుంచి ఎంత తీసుకున్నారో, ఎంత వదిలేశారో ఈ బండి ముందు నిలబడితే అర్థమవుతుంది. ఫోర్డ్ డిజైన్ విభాగానికి అప్పుడు జె మేస్ పెద్ద. ఫోక్స్‌వాగన్ బీటిల్‌ని కొత్తగా మలిచిన ఆలోచన వెనక ఉన్న మనిషి. ఆయన బృందం ఒకే ఏడాది బండిని పట్టుకుని నకలు తీయలేదు. ముందుకు దూకుతున్నట్టుండే మూతి 1967, 68 బళ్లది. పక్క కిటికీ వెనక ఉన్న మూడుమూలల అద్దం కప్పు వెనకదాకా వాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్ మోడల్ నుంచి వచ్చింది. వెనక దీపాలు మొదటి బండివి. నాలుగైదు గుర్తులు ఏరుకుని మిగతాదంతా కొత్తగా గీశారు. పాతదాని కన్నా పొడవు సుమారు ఆరు అంగుళాలే పెరిగింది. అయినా పెద్దదిగా కనిపిస్తుంది, ఎత్తు పెరిగింది కాబట్టి.

ఆ బండికి ముఖ్య ఇంజినీరు హావ్ థాయ్-టాంగ్. సైగాన్‌లో పుట్టినాయన. వియత్నాం యుద్ధం రోజుల్లో, అమెరికన్ సైనికుల కోసం తెచ్చి చూపించిన మస్టాంగ్‌ని చిన్నపిల్లవాడిగా అక్కడే చూశారు. 1975లో కుటుంబంతో ఇక్కడికి వచ్చేశారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. కానీ ఆ తెల్ల బండి పక్కన నిలబడి పెదనాన్నకు చెబుతున్నప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మనం కూడా దూరం నుంచి చూసినవాళ్లమేగా" అన్నారు. 2010 కమారో రూపం గీసిన సాంగ్‌యుప్ లీ కూడా కొరియాలో పెరిగినాయనే. అమెరికా తన యవ్వనం అనుకునే బళ్లను మళ్లీ బతికించిన పనిలో బయట పుట్టినవాళ్ల చేతులు ఇంతగా ఉన్నాయి. ఏ గీత ఉంచాలో, ఏది వదిలేయాలో ఆ బండిలో తిరిగి పెరిగినవాడి కన్నా, దూరం నుంచి ఆశగా చూసినవాడికే బాగా తెలుస్తుందని నా నమ్మకం.

శనివారం పొద్దునే ఫెర్న్‌డేల్‌లో నైన్ మైల్ రోడ్డు మూలకు చేరాం. అప్పటికే ఎండ. 1909లో దేశంలోనే మొదటిసారిగా ఒక మైలు పొడవున కాంక్రీటు హైవే వేసింది ఈ వుడ్‌వర్డ్ మీదే, ఇక్కడికి కాస్త దక్షిణాన. రోడ్డంతా పెట్రోలు వాసన, వేయించిన ఉల్లిపాయల వాసన కలిసిపోయి ఉన్నాయి. పాతకాలపు ఇంజన్లు తటపటాయిస్తూ కదులుతుంటే ఆ అదురు కాళ్లకు తెలుస్తోంది.

నేను ఎదురుచూసింది రాయల్ ఓక్ వైపు నడుస్తుంటే దొరికింది. ఒక పార్కింగ్ స్థలంలో వంగపండు రంగు 1970 ఛాలెంజర్, దాని పక్కనే అదే రంగు కొత్త ఛాలెంజర్. ప్లమ్ క్రేజీ అని ఆ రంగుకు పేరు. పాత రంగుల్ని పాత పేర్లతోనే డాడ్జ్ మళ్లీ తెచ్చింది. గో మ్యాంగో, సబ్‌లైమ్ కూడా అలా వచ్చినవే. రెండు బళ్ల యజమానీ ఒకాయనే. అడగ్గానే సంతోషంగా తలుపులు తీసి చూపించారు.

పాత ఛాలెంజర్‌లో కిటికీలు దించితే ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా మధ్యలో స్తంభం ఉండదు. గాలికి అడ్డే లేదు. 2006 డెట్రాయిట్ ఆటో షోలో చూపించిన కొత్త ఛాలెంజర్ నమూనాకీ ఆ స్తంభం లేదు. అమ్మకానికి వచ్చేసరికి పెట్టక తప్పలేదు. ఇప్పటి భద్రతా నిబంధనలు, బాడీ గట్టిదనం దాన్ని కోరతాయి. అందుకని నల్లగా చేసి అద్దం వెనక దాచేశారు. దూరం నుంచి అద్దమంతా ఒకటే అనిపిస్తుంది. నేను వేలితో తట్టి చూస్తే కానీ ఎక్కడుందో తెలియలేదు. పెదనాన్న రెండు తలుపులూ ఒకదాని తర్వాత ఒకటి మూసి చూశారు. పాతదానిది పలచని రేకు చప్పుడు. కొత్తది బరువుగా, గాలి బిగిసినట్టు మూసుకుంది.

కొత్త ఛాలెంజర్‌కి విడిగా ఛాసిస్ (కింది చట్రం) గీయలేదు. క్రైస్లర్ 300, డాడ్జ్ చార్జర్ అనే పెద్ద సెడాన్ల కింద ఉన్నదాన్నే కాస్త కురచ చేసి వాడారు. చక్రాల మధ్య దూరం పాతదానికి 110 అంగుళాలు, దీనికి 116. అయినా వెనక్కి జరిగి చూస్తే పాత బండి రూపమే. మూడింట్లో అసలుకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇదే. 2015లో ముఖం మార్చినప్పుడు కూడా డిజైనర్లు వెళ్లింది 1970 నుంచి 1971కే. వెనక దీపాల్ని రెండుగా విడదీయడం 1971 బండి పద్ధతి. 2015లోనే 707 హార్స్‌పవర్ హెల్‌క్యాట్ ఇంజన్ పెట్టారు. రూపం అంత నమ్మకంగా పాతది, లోపల శక్తి పాతవాళ్లు కలలో కూడా ఊహించనిది. 2008 నుంచి 2023 డిసెంబరు దాకా దాదాపు అదే ఒడ్డూ పొడుగుతో అమ్ముడుపోయిందంటే జనం ఎంత ఇష్టపడ్డారో చూడండి.

కమారో సంగతి వేరు. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన పుట్టించింది అదే. 1969 కమారోలో వెనక చక్రాల ముందు నిలువుగా చిన్న గీతలుంటాయి, గాలి పోయే రంధ్రాల్లా. అవి రంధ్రాలు కావు, రేకు మీద నొక్కిన ముద్రలు. 2010 కమారోలోనూ అదే చోట అవే ముద్రలు, అవీ రంధ్రాలు కావు. పాతదాంట్లోని అలంకారాన్ని కూడా కొత్తదాంట్లో అలంకారంగానే ఉంచారు. లోపల గేర్ ముందు నాలుగు చిన్న మీటర్లు కిందకి పెట్టడం కూడా పాత అలవాటే. మిగతా అంతా మస్టాంగ్‌లా ఏరుకున్నదీ కాదు, ఛాలెంజర్‌లా నకలూ కాదు. 1969 రూపాన్ని పట్టుకుని సాగదీసి, భుజాలు పెంచి, కప్పు నొక్కేశారు. కింద ఉన్న ఛాసిస్ ఆస్ట్రేలియాలో హోల్డెన్ కంపెనీ రూపొందించినది. బయటి నుంచి చూడ్డానికి అద్భుతం. 2010లో అమ్మకాల్లో మస్టాంగ్‌ని దాటేసింది కూడా. ఒకాయన తన కమారోలో కూర్చోనిచ్చారు. తలుపు అంచు నా భుజం దాకా వచ్చింది, వెనక అద్దంలోంచి రోడ్డు సన్నటి చీలికలా కనిపించింది. రూపం కోసం చూపు తాకట్టు పెట్టడం నాకు నచ్చలేదు. రోజూ ఆఫీసుకు నడిపే బండి చుట్టూ ఏముందో నడిపేవాడికి కనిపించాలి.

అందుకే నా ఓటు 2005 మస్టాంగ్‌కి. పెదనాన్న ఓటు ఛాలెంజర్‌కి. ఆయనకు ఆ వంగపండు రంగుతో 1972 గుర్తొస్తుంది, కాదనను.

మధ్యాహ్నం బర్మింగ్‌హామ్ దగ్గర పాతికేళ్ల కుర్రాడొకడు తన 2024 మస్టాంగ్ చూపించాడు. అందులో మీటర్లన్నీ తెర మీదే. ఒక బొమ్మ నొక్కితే ఆ తెర 1987 నుంచి 1993 దాకా వచ్చిన మస్టాంగ్ మీటర్లలా మారిపోయింది. హెడ్‌లైట్లు వేస్తే ఆనాటి ఆకుపచ్చ వెలుతురు. ఆ కాలపు బండి వాళ్ల నాన్నకు ఉండేదట. పెదనాన్న మర్యాదకు తలూపారు కానీ ఆయనకేమీ పట్టలేదు. ఆ కుర్రాడికి 1964 కన్నా 1987 దగ్గర. ఇంకో పదేళ్లకు గీసేవాళ్లు వెళ్లేది కూడా అటే అనుకుంటాను. ఫ్లాట్ రాక్‌లో మస్టాంగ్ తయారీ మాత్రం ఆగలేదు. కమారో, ఛాలెంజర్ రెండూ 2023 చివర్లోనే ఆగిపోయాయి.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు కరెంటుతో నడిచే కొత్త చార్జర్ డేటోనా మా పక్కనే ఆగింది. ముందు అంచున ఒక రెక్క పెట్టి, దాని కింద నుంచి గాలి పోయేలా చేశారు. అలా చేసింది 1960ల చార్జర్ మూతి రూపం నిలపడానికి. ఇంజన్ లేదు కాబట్టి గొట్టాల్లోంచి కల్పించిన శబ్దం పంపిస్తుంది. సిగ్నల్ పడగానే ఆ ధ్వని చేసుకుంటూ వెళ్లిపోయింది. పెదనాన్న కిటికీ దించి విన్నారు.

"అబద్ధపు చప్పుడు కదరా" అన్నారు.

"1969 కమారో మీద గీతలూ అబద్ధమే కదా పెదనాన్నా" అన్నాను.

"అవి చూడ్డానికి బాగుంటాయి. ఇది వినడానికి ఇంకా కుదరలేదు" అన్నారు. కాసేపు వాదించాలని చూశాను కానీ, ఆయన చెప్పిందే నిజం.