తోక మొలిచే పురుగు, గుడ్లు పెట్టే పురుగు

మా ల్యాబులో పున్నమి టైమర్ మీద నడుస్తుంది. నెలలో కొన్ని రాత్రులు సన్నటి బల్బు వెలిగిస్తాం. డబ్బాల్లోని సముద్రపు పురుగులకు అదే చందమామ. అది ఆరిపోయాక వచ్చే రోజుల్లోనే ఎక్కువ పురుగులు గుడ్లకు వస్తాయి. 18 డిగ్రీల గది, ఉప్పునీళ్లు, మేతకు పాలకూర. జర్మనీలో నా కొలువు ఇదే. ఎంగిలిపూల బతుకమ్మ నాడు అమ్మ వీడియో కాల్ చేస్తే ఎత్తలేకపోయాను. ఊర్లో అమావాస్య, నా గదిలో గుడ్ల రాత్రి. మగ, ఆడ పురుగులు గిరగిరా ఈదుతూ గుడ్లు, వీర్యం వదిలేసి కొన్ని గంటల్లో చచ్చిపోతాయి. అప్పుడు కదలడానికి ఉండదు.

పురుగు పేరు ప్లాటినెరీస్. తోక కోస్తే ఖండం తర్వాత ఖండం మళ్లీ మొలుస్తుంది, తల మాత్రం రాదు. నల్లగొండ ఎన్జీ కాలేజీలో మేం చదివిన వానపాములో ముష్కాలు 10, 11 ఖండాల్లో, అండాశయాలు 13లో, ఎవరి గది వాళ్లదే. దీంట్లో అలాంటి గదులు లేవు. గుడ్లుగా, వీర్యంగా మారే బీజకణాలు గుంపులుగా ఒంట్లోని నీటిలో తేలుతూ పెరుగుతాయి.

నా పనిలో అసలు టెన్షన్ కోయడానికి పురుగును ఎంచుకోవడమే. చర్మంలోంచి గుడ్లు కనిపించాయంటే పక్కన పెట్టేస్తాను, దానికి తోక సరిగా మొలవదు. దీని కారణం పట్టుకున్నది కార్ల్ హావెన్‌షీల్డ్ అనే జర్మన్ శాస్త్రవేత్త. పురుగు మెదడులో ఒక హార్మోన్ ఉందని, అది ఉన్నంతకాలం ఒళ్లు పెరుగుతుందని, తెగింది మొలుస్తుందని, తగ్గితే బీజకణాలు పక్వానికి వస్తాయని గత శతాబ్దం మధ్యలోనే చూపించాడు. తల తీసేసిన పురుగు తోక మొలిపించుకోదు, తొందరపడి గుడ్లకు వస్తుంది. ఆ హార్మోన్ మిథైల్ ఫార్నెసోయేట్ అని 2016లో తేలింది. కీటకాలను పిల్ల దశలోనే ఉంచే జువెనైల్ హార్మోన్‌కు దగ్గరి చుట్టం.

మా తమ్ముడికి దేవరకొండ దగ్గర బత్తాయి తోట. "అక్కా, పార తగిలి ఎర్ర తెగితే రెండు ఎర్రలు అయితయా?" అని అడిగాడు. ఎర్ర అంటే వానపామే. కావు. తల వైపు ముక్క బతికితే వెనక భాగం మొలిపించుకోవచ్చు. తోక ముక్కకు మాత్రం తల, అండాశయాలు తిరిగి రావడం కష్టం. జపాన్‌లో ఎంకైట్రియస్ అని ఎర్రల బంధువు ఒకటుంది. అది తనకు తానే ముక్కలై, కొద్దిరోజుల్లో ప్రతి ముక్కా నిండు పురుగవుతుంది. బీజకణాలు లేని ముక్కలకు కూడా తర్వాత అవి ఎలా వస్తాయంటే, పీవీ అనే జన్యువు పనిచేసే మూలకణాలు ఒళ్లంతా దాగి ఉండి కొత్త అవయవాల్లోకి వలసపోతాయని 2006లో చూశారు. వలసపోవడం వాటికి కూడా తప్పలేదన్నమాట.

నాకు మరీ నచ్చింది కాపిటెల్లా అనే ఇంకో సముద్రపు పురుగు. పిండం దశలోనే బీజకణాలకు మూలమైన కణాన్ని లేజర్‌తో చంపేశారు. లార్వాలో ఒక్క బీజకణం లేదు. పెద్దయ్యాక చూస్తే గుడ్లు పెట్టింది. బీజకణాల వంశం వేరు, ఒంటి కణాల వంశం వేరు అని ఇక్కడి జీవశాస్త్రవేత్త వైజ్‌మాన్ పందొమ్మిదో శతాబ్దంలో గీసిన గీతను ఈ చిన్న పురుగు పట్టించుకోలేదు.