హోమ్ నిబంధనలు ఎవరి కోసం రాసినవి?

ఒడిశాలోని బరంపురంలో ఉన్న తెలుగు కుటుంబాల్లో, మేధోవైకల్యం ఉన్న పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి తల్లిదండ్రులను నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటి ఉంటుంది: మా తరువాత వీడిని ఎవరు చూస్తారు? మా ఇంట్లో దానికి దొరికిన జవాబు హోమ్. మా అన్నయ్య మరో ఆరుగురితో కలిసి అక్కడే ఉంటున్నాడు. అటువంటి ఇళ్లు మన ఊళ్లలో ఇంకా రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. కోరుకుంటాను కనుకనే వాటి నిబంధనల గురించి రాస్తున్నాను.

చేర్చుకునే రోజున మాకు ఇచ్చిన పత్రం ఒడియాలో ఉంది. తెల్లవారకముందే లేవాలి, ఫోన్ ఆఫీసులో అప్పగించాలి, సాయంత్రం ఆరు దాటితే గేటు బయటకు వెళ్లకూడదు అంటూ ఉండేవాడి బాధ్యతలన్నీ వివరంగా రాశారు. సంస్థ బాధ్యతల కింద మాత్రం భోజనం, వసతి అన్న రెండే మాటలున్నాయి. అన్నయ్య పక్కనే కూర్చుని ఉండగా వార్డెన్ గారు కలం అమ్మ చేతికిచ్చి, “ఇక్కడ మీరు పెడితే చాలు, మావుసీ” అన్నారు. నలభై దాటిన మనిషి, బ్యాంకులో తన సంతకం తానే పెట్టుకునే మనిషి, తాను ఎక్కడ ఎలా బతకాలో రాసిన కాగితాన్ని చూడనైనా లేదు.

పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డకు తల్లి తనంతట తానే చట్టబద్ధ సంరక్షకురాలు అయిపోతుందని మనలో చాలామంది నమ్ముతారు, కానీ చట్టం అలా చెప్పడం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి సంరక్షకులను నియమించేది కలెక్టరు ఉండే స్థానిక స్థాయి కమిటీ. మా గంజాం జిల్లావారికి కలెక్టరేటు ఉన్నది ఛత్రపురంలో. అలా నియమితులైనవారు ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితాను, ఆపైన ఏటేటా లెక్కలను కమిటీకి సమర్పించాలి. ఇక 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్‌లో పరిమిత సంరక్షకత్వాన్ని వర్ణించిన తీరు నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది: అది పరస్పర నమ్మకం మీద ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం, ఫలానా విషయానికి, ఫలానా కాలానికి పరిమితమైనది, ఆ వ్యక్తి ఇష్టాన్ని అనుసరించి నడవవలసినది. ఫలానా చోటనే బతకాలన్న నిర్బంధం దివ్యాంగులకు ఉండకుండా చూసేందుకు ప్రభుత్వం ప్రయత్నించాలని అదే చట్టం 5వ సెక్షన్ చెబుతోంది.

భాష దగ్గర జరిగిన ఒక సంగతి చెప్పాలి. అన్నయ్యకు ఒడియా వచ్చు గానీ, భయమేసినా నొప్పి పుట్టినా నోట తెలుగే వస్తుంది. ఒకసారి పన్ను సలుపుతోందని చెప్పుకుంటూ తిరిగాడు, చూసుకునే అబ్బాయికి అర్థం కాలేదు. అన్నం ముట్టకపోవడంతో రిజిస్టరులో “భోజనానికి నిరాకరించాడు” అని క్రమశిక్షణ కింద రాశారు. నేను వెళ్లి చూసేసరికి దవడ వాచి ఉంది. ఆ అబ్బాయి చెడ్డవాడు కాడు, ఏడుగురికి అతనొక్కడే. అయినా మాట అర్థం కాకపోవడాన్ని ఉండేవాడి తప్పుగా రాయడం అన్యాయం. 2016 చట్టం సమాచార మార్పిడిని నిర్వచిస్తూ సులభమైన భాషను, పెద్ద అక్షరాలను, బ్రెయిలీని, దృశ్య ప్రదర్శనలను కూడా లెక్కలోకి తీసుకుంది. అందువల్ల నిబంధనలు తెలుగులో ఉండాలని, చదివి వినిపించాలని అడగడం దయ కోసం అడగడం కాదు.

బాధ్యతలు అన్నయ్యకు లేవని నేను అనను. అర్ధరాత్రి టీవీ శబ్దం పెంచితే పక్క మంచం మీది అతనికి నిద్ర ఉండదు కనుక తగ్గించడం అతని బాధ్యత. బయటకు వెళుతున్నప్పుడు చెప్పి వెళ్లడం, పనివాళ్ల మీద చెయ్యి ఎత్తకపోవడం, నెలనెలా తన వాటా కట్టడం కూడా అంతే. ఇవన్నీ కలిసి బతుకుతున్నవారికి ఒకరి పట్ల ఒకరికి ఉండవలసినవి. ఫోన్ అప్పగించడం, బీరువా తాళంచెవి ఆఫీసులో ఉంచడం ఈ కోవలోకి రావు, అవి నిర్వాహకుల సౌకర్యం కోసం పెట్టినవి.

శిక్షల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. “అల్లరి చేస్తే అన్నం పెట్టను” అని మన ఇళ్లలో తేలికగా అనేస్తాం. తన సంరక్షణలో ఉన్న దివ్యాంగుడికి తెలిసి తిండి, నీరు అందకుండా చేయడం, వినికిడి యంత్రం, చక్రాల కుర్చీ వంటివాటిని వాడుకోకుండా అడ్డుపడడం 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరాలు. రాత్రి గేటుకు బయటినుంచి తాళం వేయడం భద్రత కోసమేనని చెబుతారు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు 28 మంది మంటల్లో తప్పించుకునే దారిలేక చనిపోయారు. గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. తాళం పెట్టేవారు ఆ సంగతిని తలచుకోవాలి. చేర్చే ముందు సంస్థ రిజిస్ట్రేషన్ పత్రాన్ని చూపించమని అడగండి, అది లేకుండా హోమ్ నడపకూడదు.

మేము కుటుంబాలవాళ్లం కలిసి రాసి ఇచ్చాక ఫోన్లు తిరిగి ఇచ్చారు, తెలుగు ప్రతి తయారవుతోంది. తేలనిది రాత్రి సంగతి. మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్ర జరిగే ఏడాది, ఘటం వీధుల్లోకి వచ్చే రాత్రుల్లో వెంట నడవడం అన్నయ్యకు చిన్ననాటి నుంచి అలవాటు. నిర్వాహకులు వద్దంటున్నది మొండితనంతో కాదు, రాత్రిపూట రెండో మనిషి లేడు. రెండో మనిషిని పెడితే అతని జీతంలో కుటుంబాలు కొంత పంచుకోవాలని నేను, ఇప్పటికే కడుతున్న రుసుములోనే ఇది ఉండాలని కొందరు తల్లిదండ్రులు వాదిస్తున్నాం. ఇప్పుడున్న రుసుముతో ఒక్క మనిషి జీతమే గిట్టుతోందని లెక్కలు చూశాను కనుక, పంచుకోవడమే న్యాయమని వచ్చే సమావేశంలోనూ చెబుతాను. అక్కడ కుదరకపోతే భువనేశ్వర్‌లోని రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయవచ్చు, సాక్షులను పిలిపించి పత్రాలు తెప్పించుకునే సివిల్ కోర్టు అధికారాలు ఆ పదవికి ఉన్నాయి.