జ్వరం నాలుగు రోజులు, కీళ్లు పదహారు నెలలు

నాలుగో రోజు రాత్రి చెమటలు పట్టి జ్వరం దిగింది. 103 దాకా వెళ్లింది కదా, ఇక గండం గడిచిందనుకున్నారు ఇంట్లో. తెల్లారి పేస్టు ట్యూబు మూత తిప్పబోతే వేళ్లు రాలేదు. మంచం దిగితే పాదాలు నేలకు ఆనవు. గోడ పట్టుకుని, నడుం వంచి బాత్రూంకి వెళ్లాను. చికున్‌గున్యా అంటే తూర్పు ఆఫ్రికాలోని మకొండే భాషలో ఇదే, మనిషిని వంచేసేది. 2006లో రాయలసీమలో ఇది ఊళ్లకు ఊళ్లను పడుకోబెట్టినప్పుడు 'చికెన్ గున్యా' అని కోడికూర మానేసినవాళ్లున్నారు. తెచ్చేది పగటిపూట కుట్టే ఏడిస్ దోమ.

నాకు మూడో రోజే ఐజీఎం పరీక్ష, అంటే జబ్బుకు ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల పరీక్ష, చేసి లేదన్నారు. మొదటి వారంలో చేయాల్సింది వైరస్‌నే వెతికే ఆర్టీపీసీఆర్. ఐజీఎం తేలడానికి వారం పడుతుంది. పదో రోజు మళ్లీ చేయిస్తే ఉందని వచ్చింది. డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ముట్టకూడదు, రక్తస్రావం భయం. పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి, రోజుకి నాలుగుకి మించకుండా.

తప్పు చేసింది ఆ తర్వాత. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుందన్నారు, నాకు సర్దుకోలేదు. మందుల షాపులో పేరు లేని పొట్లంలో చిన్న తెల్ల మాత్రలిచ్చారు. ఒక్క పూటలో నొప్పి మాయం! ఆపిన మూడో రోజు రెట్టింపై తిరిగొచ్చింది. అవి స్టిరాయిడ్లు. మూడు వారాలకు మించి వాడితే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టిరాయిడ్ మందగిస్తుంది, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. తగ్గించుకుంటూ రావాలి తప్ప ఆపేయకూడదు.

మూడు నెలలు దాటినా వాపు పోకపోతే అది వట్టి జ్వరం నొప్పి కాదు, పాతబడిన కీళ్లవాతం కిందే లెక్క. రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు, మొదట ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్త పరీక్షలు చేయించారు. జ్వరం వంకతో అసలు రుమటాయిడ్ బయటపడిందా అని చూడడానికి. రెండూ నెగటివ్. ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ మాత్రం 28, ఆ ల్యాబులో 6 లోపు ఉండాలి. ఆయన ఎక్కువగా అడిగింది ఇంకొకటి: పొద్దున లేచాక పిడికిలి బిగించడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది? ఆ రోజు 90. అప్పటినుంచి క్యాలెండర్ మీద ఆ అంకే రాసుకుంటూ వచ్చాను.

మందు మెథోట్రెక్సేట్ 10 మిల్లీగ్రాములు, అంటే రెండున్నర మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, ఆదివారం రాత్రి మాత్రమే. సోమవారం ఫోలిక్ యాసిడ్ 5. ఇది వారానికొకసారి వేసే మందు. రోజూ వేసుకుంటే ఎముకమజ్జ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది, అలా పోయినవాళ్లూ ఉన్నారు. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే. తర్వాత రక్తకణాలు, కాలేయానికి ఎస్‌జీపీటీ, కిడ్నీలకు క్రియాటినిన్ మొదట నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి. తోడుగా హైడ్రాక్సీక్లోరోక్విన్ 200, దానికి కంటి పరీక్ష. మద్యం బంద్. పని చేస్తోందో లేదో తెలియడానికి నాకు ఎనిమిది వారాలు పట్టింది.

ఆరో నెలలో గొంతులో చీము, 102 జ్వరం. ఆ వారం మెథోట్రెక్సేట్ ఆపించారు. అప్పటికి 5 మిల్లీగ్రాములకు దిగిన ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ మాత్రం ఆపనివ్వలేదు. మందుల షాపాయన సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ తీయబోతే నేనే వద్దన్నాను. అందులోని ట్రైమెథోప్రిమ్, సల్ఫా రెండూ మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు పడిపోతాయి.

జ్వరం ఉన్న ఆ రెండు రోజులూ చేతులు వదులయ్యాయి, పిడికిలి 20 నిమిషాలకే వచ్చింది. ఇది భ్రమనుకున్నా. కానీ కీళ్లవాతం రోగికి కామెర్లు వస్తే నొప్పి తగ్గడం 1929లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ గమనించాడట, ఆ దారిలోనే 1948లో కార్టిసోన్ అనే స్టిరాయిడ్ వాడి చూశాడు, 1950లో నోబెల్. నా వదులు వారం నిలవలేదు. యాంటీబయాటిక్ కోర్సు అయ్యేసరికి మళ్లీ 70. మెథోట్రెక్సేట్ తిరిగి మొదలైన అయిదో వారానికి 30కి దిగింది.

పద్నాలుగో నెల నుంచి మాత్రలు ఒక్కొక్కటే తగ్గించి పదహారో నెలలో ఆపారు. క్యాలెండర్ మీద అంకె ఇప్పుడు 5. ఇడ్లీ పాత్ర రెండు చేతులతో దించగలను, కుడి మణికట్టు మాత్రం ముసురు పట్టినప్పుడు ఇంకా గుంజుతుంది.