అహోబిలం నుంచి తెచ్చుకున్న జ్వరం

"దేవుడి దగ్గరికి పోయి తెచ్చుకున్నావా? ఇంకేం, ఆయన్నే అడుగు, మందు రాసిస్తాడు" అన్నాడు ఒక డ్యూటీ డాక్టరు నాతో. అప్పుడు నాకు నూట మూడు జ్వరం. తల పగిలిపోతోంది, కళ్ళు తెరవలేకపోతున్నాను. ఆయన నవ్వుతూనే అన్నాడు, పక్కనున్న నర్సు కూడా నవ్వింది, నా భార్య మాత్రం తల దించుకుంది. ఇప్పుడు బాగున్నాను, బండి నడుపుతున్నాను, షాపుకు పోతున్నాను. కానీ ఆ మాట మీద కోపం ఇంకా చల్లారలేదు. మొన్న మా అమ్మాయి కాలేజీలో మతం, సైన్స్ కలిసి ఉండగలవా అని డిబేట్ పెట్టారట, "నువ్వేమంటావు నాన్నా" అని అడిగింది. రెండు నిమిషాల్లో చెప్పే జవాబు నా దగ్గర లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

కార్తీకమాసంలో అహోబిలం పోయాం. 2022లో జిల్లాలు విడిపోయాక అది నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మా నోట ఇప్పటికీ కర్నూలు జిల్లానే. ఈసారి తొమ్మిది నరసింహుల్నీ చూడాలని మొక్కు. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంబడి జ్వాలా నరసింహుడి దగ్గరికి ఎక్కాం, మరుసటి రోజు అడవిదారిన పావన నరసింహుడి దగ్గరికి నడిచాం. వానలు వెనకబట్టిన రోజులు కదా, నల్లమల అంతా పచ్చగా ఉంది, దారికి రెండు పక్కలా గడ్డి మోకాలెత్తు పెరిగింది. అలసిపోయి ఆ గడ్డిలోనే కాసేపు నడుం వాల్చాం. స్వామి వెలిసిన స్తంభమని చెప్పే ఉగ్రస్తంభం కింద నిలబడి పైకి చూసినప్పుడు నా ఒళ్ళంతా పులకరించింది. ఆ దర్శనాన్ని ఈ రోజుకీ జబ్బుతో కలిపి చూడను.

ఇంటికి వచ్చి వారం దాటాక జ్వరం మొదలైంది. నర్సింగ్ హోములో వైడల్ టెస్టు చేసి టైఫాయిడ్ అన్నారు, ఇంజెక్షన్లు వేశారు, ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీ అయ్యుండొచ్చన్నారు. అవన్నీ ఎవరికైనా జరిగేవే. కానీ ఊర్లకేమైనా పోయారా అని ఆ డాక్టరు అడిగినప్పుడు నా భార్య అహోబిలం అడవిలో తిరిగామని చెప్పింది. జబ్బు ఆచూకీ ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆయనకు అందులో అడవి వినపడలేదు, దేవుడు ఒక్కడే వినపడ్డాడు, ఎగతాళి చేసి వెళ్ళిపోయాడు. నన్ను వెక్కిరించినందుకు కాదు నా కోపం. వెక్కిరించే తొందరలో చదువుకున్న వైద్యాన్నే పక్కన పెట్టాడు.

ఇంకోపక్క మా చిన్నాన్న. "స్వామి ఉగ్రమూర్తి, ఏదో మైల తగిలింటాది, ఇది డాక్టర్లతో తెగేది కాదమ్మా, ఇంటికి తోలుకొచ్చి శాంతి చేయించు" అని నా భార్యకు పూటకోసారి ఫోన్. ఆమె అసలే భయపడి ఉంది. నర్సింగ్ హోములో నయం కావడం లేదు, పెద్దాయన చూస్తే ఇట్లా అంటున్నాడు, ఇక డిశ్చార్జి చేయించుకుందామనే అనుకుందట. బి.ఫార్మసీ చదివే మా అమ్మాయి అడ్డం పడింది. "తాతా, శాంతి మీరు అక్కడ చేయించండి, నాన్నను మాత్రం మేం పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నాం" అని ఫోన్ పెట్టేసిందట. ఆ పిల్ల ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి.

పెద్దాసుపత్రిలో మొదటి రాత్రి. ఆయాసం మొదలైంది. ఆక్సిజన్ మాస్కు పెట్టారు, ఎంత పీల్చినా గాలి చాలడం లేదు. డ్యూటీలో ఉన్న పీజీ కుర్రాడు నా భార్యతో మెల్లగా అన్నది నాకు వినపడింది: "తెల్లారేలోపు తగ్గకపోతే గొంతులో ట్యూబు వేయాల్సి రావచ్చమ్మా." మాస్కు పీకేసి లేచి పరిగెత్తాలనిపించింది, చెయ్యి పైకి లేస్తోంది, నా భార్య ఆ చెయ్యి పట్టుకుని మంచం మీదికి వంగి ఉంది. పక్క మంచం దగ్గర ఒక ముసలమ్మ తన కొడుకు కోసం తస్బీ తిప్పుతూ ఏదో చదువుతోంది, ఆమె పెదాలు కదలడమే కనిపిస్తోంది. నేను నరసింహ మంత్రం అందుకున్నాను. ఉగ్రం వీరం మహావిష్ణుం అని లోపలికి, జ్వలంతం సర్వతోముఖం అని బయటికి. కాసేపు అది ఊపిరికి లెక్కగా పనికొచ్చింది. తర్వాత మంత్రం పోయి తిట్లు వచ్చాయి. నీ కొండ ఎక్కి వస్తే నాకు ఇదా ఇచ్చేది, నా బిడ్డ చదువు కూడా పూర్తి కాలేదే అని స్వామిని మనసులోనే నోటికొచ్చినట్టు తిట్టాను. తెల్లవార్లూ ఆయనతో గొడవే. కానీ మాస్కు తీయలేదు. విశ్వాసం ఏం ఇస్తుందని అడిగేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. ఆ రాత్రి నన్ను ఒంటరిగా వదల్లేదు. నేనే ఎందుకు అన్న ప్రశ్నకు ఏ డాక్టరూ జవాబు చెప్పలేడు. దేవుడూ చెప్పలేదు, నిజమే, కానీ ఆ ప్రశ్న అడగడానికీ, తిట్టడానికీ నాకు ఒకరున్నారు.

పొద్దున రౌండ్స్‌కు పెద్ద మేడమ్ వచ్చారు. కేసు షీటు చూసి, "యాడికైనా అడవికి, చేనికి పోయినారా?" అని అడిగారు. నా భార్య ఈసారి భయపడుతూ అహోబిలం పేరు చెప్పింది. ఆమె నవ్వలేదు. వెంటనే కర్టెన్ లాగించి, చంకలు, గజ్జలు, నడుము అన్నీ తానే వెతికారు. మొలతాడు జరిపితే దాని కింద నల్లటి పొక్కు, బీడీతో కాల్చినట్టు. నొప్పి లేదు, దురద లేదు, అది ఉందనే నాకు తెలియదు. పీజీలందరినీ పిలిచి "ఇదే ఎస్కార్, చూడండి" అన్నారు. ఎస్కార్ అంటే పురుగు కుట్టిన చోట పడే నల్లటి పొక్కు. నర్సు మొలతాడు కత్తిరించబోతే, "ఎందుకమ్మా, పైకి జరిపితే చాలు" అని ఆపారు. ఆ చిన్న మాటకు నా భార్య ఏడ్చేసింది.

జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే, కంటికి ఆనని ఒక రకం పురుగు పిల్ల కుడితే వస్తుంది, మనిషి నుంచి మనిషికి అంటదు. ఆ కుట్టుతో ఒంట్లోకి చేరే సూక్ష్మక్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది కాబట్టి అంతకుముందు వేసిన ఇంజెక్షన్లు దాని మీద పనిచేయవట. పనిచేసేది డాక్సీసైక్లిన్. ఏమంత ఖరీదైన మందు కూడా కాదు. మామూలుగా 48 గంటల్లో జ్వరం దిగుతుందని చెప్పారు, అట్లాగే దిగింది. ఆక్సిజన్ తీసేశారు, ట్యూబు అవసరం పడలేదు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఒక సంగతి చెప్పింది. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందు. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్, 1948లో లోకానికి తెలిసింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ దాన్ని తీసింది అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో. అక్కడ పరిశోధనలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన కుర్రతనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలనుకుని, చివరికి వైద్యం చదివారట. ఈ సంగతి విన్న రోజు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. నా ప్రాణం కాపాడిన మందు వెనక ఒకప్పుడు సన్యాసం కోరుకున్న మనిషి ఉన్నాడు. ఆ డ్యూటీ డాక్టరుకూ, మా చిన్నాన్నకూ ఇద్దరికీ ఇది చెప్పాలనిపించింది.

మందు పని మంత్రం చేయదు. క్రిమిని చంపింది డాక్సీసైక్లినే, అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. పురుగుకు ఇది గుడి దారి, ఇది చేను గట్టు అని తేడా తెలియదు, భక్తుడని వదిలిపెట్టదు, అట్లాగని అది స్వామి శాపమూ కాదు. శాపమని చెప్పి మనిషిని ఆసుపత్రి నుంచి లాక్కొచ్చేవాళ్ళంటే నాకు భయం. పెద్ద మేడమ్ నుదుటన చిన్న విభూతి గీత ఉండేది. ఆమె ఒంట్లో భక్తీ, వైద్యమూ ఎప్పుడూ కొట్లాడుకున్నట్టు నాకు అనిపించలేదు.

మళ్ళీ అహోబిలం పోవచ్చా అని ఆమెనే అడిగాను. "నిక్షేపంగా పోండి. నిండు చేతుల చొక్కా వేసుకుని, ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోండి. పురుగులు రాకుండా పూసుకునే క్రీము ఉంటాది, అది పూసుకోండి. గడ్డిలో పడుకోవద్దు. ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు వేడినీళ్ళలో వేయండి" అన్నారు. చేలల్లో పనిచేసేవాళ్ళకూ, గొర్రెలు కాసేవాళ్ళకూ ఇదే మాట. అడవికో చేనుకో పోయొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఆయన నవ్వినా సరే మళ్ళీ చెప్పండి, ఒళ్ళంతా చూడమని అడగండి, మొలతాడు కింద కూడా.