గజ్జి మందు, రబ్బరు చెప్పులు

మన మిషన్ బడి పాత విద్యార్థుల కోసం వేస్తున్న ఈ సంచికలో బడి చరిత్ర రాసేవాళ్ళు చాలామందే ఉంటారు. 1805లో లండన్ మిషన్ వాళ్ళు విశాఖపట్నంలో దిగడం, 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడ చేరడం, తర్వాత బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం దాకా వాళ్ళ పని విస్తరించడం, అవన్నీ నాకంటే బాగా రాయగలరు. నేను మన హాస్టల్లో గజ్జి గురించి రాస్తాను.

హాస్టల్లో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వానలు పట్టగానే వేళ్ళ సందుల్లో మొదలయ్యేది. రాత్రి దీపాలార్పేసరికి హాలంతా గోకుళ్ళ చప్పుడు. శనివారం మధ్యాహ్నం వార్డెన్ గారి భార్య, మనందరికీ అమ్మగారు, నూతి గట్టు దగ్గర పీట వేసుకుని కూర్చునేవారు. పక్కన వేపాకు మరిగించిన నీళ్ళ డేగిసా, బెంజైల్ బెంజోయేట్ సీసా, పాత చీర చింపిన పీలికలు. చిన్న క్లాసుల గుంటలందరూ వరసలో నిలబడాలి. ఒక్కొక్కడి చెయ్యి పట్టుకుని, వేళ్ళు విడదీసి చూసి, మెడ కిందనుంచి పాదాల దాకా ఆవిడే మందు రాసేవారు. మంటకి గెంతితే "ఏట్రా ఆ గెంతులు, నిలబడు" అని వీపు మీద ఒకటి పడేది. గజ్జి లేనివాడికి కూడా రాయించుకోక తప్పదు. అందరికీ ఒకేరోజు రాసి, దుప్పట్లు ఉడకబెడితే గాని అది వదలదని నేను ఉద్యోగంలో చేరాక పుస్తకంలో చదివాను. ఆవిడ ఏ పుస్తకం చదివారో తెలీదు. ఆ నూతి గట్టు దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక్క బైబిలు వాక్యం చెప్పలేదు, ఒక్క ప్రార్థన చెయ్యలేదు.

వాక్యం సంగతి వార్డెన్ గారిది. యోహాను మొదటి పత్రిక మూడో అధ్యాయం, 18వ వచనం అప్పజెప్పనిదే సాయంత్రం ఆటకి వదిలేవారు కాదు. మాటతో, నాలుకతో కాకుండా చేతలతో ప్రేమించమని చెప్పే వచనం అది. నాలుకతో గడగడా అప్పజెప్పి ఆటకి పరిగెత్తేవాళ్ళం.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను నాడు, అంటే దసరా వెళ్ళిన మంగళవారం, పల్లెల నుంచి జనం తండోపతండాలుగా వచ్చేవారు కదా. ఆ రోజు హాస్టల్ గేటు దగ్గర నీళ్ళ కుండలు పెట్టించేవారు అమ్మగారు. అమ్మవారి పండక్కి మనం నీళ్ళు పొయ్యడమేమిటని సంఘంలో ఒకరిద్దరు పెద్దలు గొణిగారు. "దాహానికి మతం అడుగుతామేటండీ" అని ఆవిడ గ్లాసులు కడుక్కుంటూ ఉండిపోయారు. ఆ గొణుగుడు ఇప్పటికీ మన సంఘాల్లో బతికే ఉంది, కుండలే కనబడడం లేదు.

ఇంటర్ అయ్యాక నేను లెప్రసీ, అంటే కుష్ఠు, పారామెడికల్ ట్రైనింగుకి వెళ్ళాను. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. నేను గజపతినగరం, రామభద్రపురం వైపు పల్లెలకి సైకిలు తొక్కే నాటికి అది కొత్త జిల్లాయే. అంతకుముందు కుష్ఠుకి డాప్సోన్ అనే మాత్ర ఒక్కటే ఏళ్ళ తరబడి మింగించేవారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బు తీరుని బట్టి రెండు మూడు మందులు కలిపి ఇమ్మన్నాక పరిస్థితి మారింది. మచ్చ మీద పెన్ను మొన మెల్లగా ఆనించి, కళ్ళు మూసుకుని తాకిన చోట వేలు పెట్టమనేవాళ్ళం. స్పర్శ పోయి వేలు పెట్టలేకపోతే అది కుష్ఠేనని గుండె జారేది, వాళ్ళకి కాదు, నాకు. వాళ్ళకి ఇంకా ఏమీ అర్థమయ్యేది కాదు మరి. ఆ మందుల్లో రిఫాంపిసిన్ మా ఎదురుగానే మింగాలి. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పకపోతే మర్నాటికి ఊరంతా గోల. ఇంకో మందు క్లోఫజిమిన్‌తో ఒళ్ళు నల్లబడుతుంది. పెళ్ళి కావలసిన ఆడపిల్లలు జబ్బు కంటే దానికే ఎక్కువ ఏడ్చేవారు.

మందు మొదలెట్టిన కొద్ది రోజులకే ఆ జబ్బు ఇంకొకరికి అంటదు. ఈ ముక్క చెప్పి చెప్పి నోరు నొప్పెట్టేది. జనం నమ్మాలంటే ఆ ఇంటి గుమ్మంలో కూర్చుని, వాళ్ళు ఇచ్చిన చోడి అంబలి తాగాల్సిందే. అంబలి నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం కాబట్టి అందులో నా త్యాగం ఏమీ లేదు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు కుష్ఠరోగిని ముందు ముట్టుకున్నాడు, ఆ తర్వాతే అతను బాగయ్యాడు. ఈ వరస ఎన్ని ప్రసంగాలు విన్నా నాకు తట్టలేదు, గుమ్మాల్లో కూర్చున్నాక తట్టింది. మనమైతే సర్టిఫికెట్ చూశాక ముట్టుకుంటాం, అదీ ఆలోచించి.

ఒక ఊరి సంగతి చెప్తాను, పేరు వద్దు. కుష్ఠు మందుల కోర్సు పూర్తయిన ఒకావిడ అక్కడి గుడిలో, అంటే చర్చిలో, చివర, చెప్పులు విడిచే చోట కూర్చునేది. ప్రభు బల్ల నాడు, అంటే యేసు చివరి భోజనాన్ని తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు, సంఘ పెద్ద ద్రాక్షరసం గ్లాసుల పళ్ళెం పట్టుకుని చాపల మధ్య నడుస్తూ, ఆవిడ దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తిరిగాడు. ఆవిడ తోడికోడలు చంటిపిల్లని చంకనేసుకుని లేచింది. పళ్ళెంలోంచి రెండు గ్లాసులు తీసి, చివరికి వెళ్ళి, "జరుగప్పా" అని పక్కన చతికిలబడి ఒకటి ఆవిడ చేతికిచ్చింది. ఆ ఇద్దరికీ పెరటి గోడ దగ్గర తగువు. మాటల్లేక చాలాకాలమైందని ఊరందరికీ తెలుసు. ఆ తర్వాత కూడా తగువు తీరలేదు. నాకు అదే నచ్చింది. ప్రేమించాలంటే ముందు మనసు కలవాలని మనం కూర్చుని చూస్తుంటాం. ఆమె గోడ సంగతి గోడ దగ్గరే ఉంచి, గ్లాసు అందించింది. అమ్మగారికి మాత్రం గజ్జి చేతులంటే ముచ్చటా ఏంటి?

భార్యకో భర్తకో కుష్ఠు ఉంటే విడాకులు అడగవచ్చని మన దేశంలో చట్టమే ఉండేది. అది 2019లో తీసేశారు. ఆ సెక్షన్ తీసేసిన చట్టాల్లో హిందూ వివాహ చట్టంతో పాటు, క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం కూడా ఉంది. కష్టంలోనూ సుఖంలోనూ విడువనని గుడిలో ప్రమాణం చేయించేది మనమే. మందు వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా ఆ సెక్షన్ ఎందుకుందని మన సంఘాల్లో గట్టిగా అడిగినవాళ్ళని నేను చూడలేదు.

జాతీయ స్థాయిలో కుష్ఠు నిర్మూలన లక్ష్యం, అంటే పదివేల మందిలో ఒక్కరి కంటే తక్కువకి రోగుల్ని తగ్గించడం, 2005 డిసెంబరులో చేరుకున్నామని ప్రకటించారు. అయినా దేశంలో ఏటా సుమారు లక్ష కొత్త కేసులు బయటపడుతూనే ఉన్నాయి. జబ్బు నయమైనా పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. ముల్లు దిగినా తెలీదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. అందుకే ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు అట్టతో చెప్పులు చేస్తారు. మేకు కొట్టకూడదు, వెనక పట్టీ ఉండాలి, పాదానికి సరిగ్గా సరిపోవాలి. సాలూరు ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రికి మేం రోగుల్ని పంపేవాళ్ళం. సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గాని, మాకు అది ఇంటి పక్క ఊరే.

కమిటీవారికి ఒక మనవి. ఈసారి సమావేశంలో మాకు శాలువాలు, మెమెంటోలు వద్దు. కిందటిసారివే బీరువాలో మడతల్లో ఉన్నాయి. ఆ డబ్బుతో ఈ చెప్పులు చేయిద్దాం. పాదాల కొలతలు తీసే పని నాకు వదిలేయండి, సైకిలు బదులు ఇప్పుడు స్కూటీ ఉంది.