సెకీరో అయిపోయింది, ఎలా అయిందో నన్నడగండి

మొన్న రాత్రి రెండున్నరకి సెకీరో అనే వీడియో గేమ్‌లో ఆఖరి బాస్, అంటే చివరి పెద్ద శత్రువు, కూలాడు. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారని నోరు మూసుకున్నా గానీ, లేకపోతే వీధి వీధంతా లేచేది. వేడి చల్లారకముందే ఇది రాసేయాలి. ఇంకో వారం పోతే "పెద్ద కష్టమేం కాదులే" అని నేనే కోతలు మొదలుపెడతాను. నా సంగతి నాకు తెలుసు.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత పడ్డ సిగ్గు ఎంతటిదో మీకు తెలియదు. డయాబ్లో 2 మూడు రకాల పాత్రలతో పూర్తి చేశాను. 2011 నాటి డార్క్ సోల్స్ ఎవరి సాయమూ అడక్కుండా దాటాను. ఎల్డెన్ రింగ్‌లో మలేనియా అనే బాస్‌ని ఓడించకపోయినా కథ పూర్తవుతుంది, అయినా పంతం పట్టి పడగొట్టాను. 2019లో వచ్చిన సెకీరో మాటెత్తితే మాత్రం "అదెంత, అదీ డార్క్ సోల్స్ తీసిన మియజాకి తీసిందే కదా, తీరిక దొరకాలి గానీ" అనేవాణ్ణి. అలా ఎన్నేళ్లు అన్నానో లెక్కలేదు.

మొదలు సాఫీగానే సాగింది. గొలుసులు తెంచుకుని మీదకొచ్చే రాక్షసుడు ఒక పూట. గుర్రం మీద వచ్చే గ్యోబు దగ్గర టపాకాయలు పేలిస్తే గుర్రం బెదిరింది, నాలుగోసారికి పడ్డాడు. లేడీ బటర్‌ఫ్లై ఒక సాయంత్రం తినేసింది. ఇంతే.

తర్వాత ఆషినా కోట పై అంతస్తుకి ఎక్కాను. అక్కడ గెనిచిరో అనే బాస్ నిలబడి ఉన్నాడు. ఆ గదిలో నేను మూడు వారాలున్నాను.

మొదటిరోజు ఏం జరిగిందంటే, వాడు విల్లు ఎత్తాడు, నేను పక్కకి దూకాను. మీదకొచ్చాడు, వెనక్కి దూకాను. ప్రాణం సగానికి పడింది కదా అని సొరబుర్ర ఎత్తి మందు తాగబోతే, గుటక దిగేలోపే బాణం గుండెల్లో ఉంది. మందు తాగడం కోసమే ఎదురు చూసినట్టు కొడతాడు. ఇంకోసారి ఆడాను, అదే బాణం. పదిసార్లు ఆడినా అదే బాణం. కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. అరవై దాటాక కాగితం చించేశాను.

అక్కడ నేను చేసినవన్నీ ఒప్పుకుంటాను. మొదట టీవీని తిట్టాను. బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యంగా కదులుతోందని సెట్టింగులన్నీ వెతికి గేమ్ మోడ్ పెట్టాను. నిజానికి అది మంచి పనే. బొమ్మకి నగిషీలు చెక్కే పని టీవీ మానేస్తే ఆలస్యం తగ్గుతుంది, మీరూ పెట్టుకోండి. కానీ గెనిచిరో మాత్రం అంతే తీరిగ్గా నన్ను నరికాడు. తర్వాత కంట్రోలర్ బటన్ పట్టేస్తోందన్నాను. ఆడలేక మద్దెల ఓడు అంటే ఏమిటో ఆ రెండు రోజులు నన్ను చూస్తే తెలిసేది.

మూడో ప్రయత్నం పాత జబ్బు. యాక్షన్ ఆర్పీజీలు, అంటే కొట్లాడుతూ మన పాత్రని బలపరుచుకుంటూ పోయే ఆటలు, ఆడినవాళ్లందరికీ ఒక ధీమా ఉంటుంది. బాస్ కొడుతున్నాడా, వెనక్కి పోయి చిన్నాచితకా శత్రువుల్ని చంపి, నాలుగు లెవెల్స్ పెంచుకుని వచ్చి వాడి నడ్డి విరగ్గొట్టడమే. డయాబ్లో నుంచి ఎల్డెన్ రింగ్ దాకా ఈ తలుపు తెరిచే ఉంటుంది. సెకీరోలో మూసేశారు. ఇక్కడ బలం పెంచుకునే లెవెల్ అంటూ లేదు. ప్రార్థన పూసలు నాలుగు దొరికితే ప్రాణం, పోశ్చర్ (దెబ్బలకి తూలిపోకుండా నిలబడే శక్తి) కాస్త పెరుగుతాయి. దెబ్బలో బలం పెరగాలంటే పెద్ద బాస్‌ని చంపి వాడి జ్ఞాపకం తెచ్చుకోవాలి. అంటే గెనిచిరోని కొట్టే బలం కావాలంటే ముందు గెనిచిరోని కొట్టాలి! చిన్న శత్రువుల్ని నరికితే నైపుణ్యాలకి పాయింట్లు వస్తాయి, నిజమే. కానీ చచ్చిన ప్రతిసారీ డబ్బులో సగం, పాయింటుకి కూడబెట్టిన అనుభవంలో సగం పోతాయి. ఎప్పుడో అదృష్టం బాగుంటే పోవు.

అన్నిటికంటే సిగ్గుచేటు దగ్గు. ఈ గేమ్‌లో నువ్వు మళ్లీ మళ్లీ చస్తుంటే నీకు సాయం చేసినవాళ్లకి డ్రాగన్‌రాట్ అనే రోగం తగులుకుంటుంది. పాడుబడ్డ గుడిలో బొమ్మలు చెక్కుకునే ముసలాయన, పాపం, తెగిపోయిన నా చేతికి కృత్రిమ చెయ్యి అమర్చిన మనిషి, నా చేతకానితనానికి ఖళ్లుఖళ్లున దగ్గుతున్నాడు. డార్క్ సోల్స్‌లో చస్తే నా బాధ నేను పడేవాణ్ణి. ఇక్కడ నేను ఓడిపోతే మంచం పట్టేది ఊళ్లోవాళ్లు.

వీడియోలు కూడా చూశాను. చూడకండి. ఒక్క దెబ్బ తగలకుండా గెలిచి "చాలా ఈజీ ఫ్రెండ్స్" అంటారు. అది వాళ్లకి ఎన్ని వందలోసారో మాత్రం చెప్పరు. ఎదుటివాడి కష్టం మీద జాలి లేనివాడు గురువెలా అవుతాడో నాకర్థం కాదు.

రెండో వారం చివర్లో మా అక్క కొడుకు సెలవులకి వచ్చాడు. పదమూడేళ్లవాడు. నా వెనక కూర్చుని అరగంట ఏమీ మాట్లాడకుండా చూశాడు. నేను ఏడుసార్లు చచ్చాను. అప్పుడన్నాడు.

"మావయ్యా, నువ్వు వాడితో కొట్లాడట్లేదు. వాడి చుట్టూ తిరుగుతున్నావంతే."

"ఒరేయ్, దెబ్బ తప్పించుకోవాలా వద్దా?"

"తప్పించుకుంటున్నావు సరే. నువ్వు దూరం పోగానే వాడి పసుపు గీత తగ్గిపోతోంది చూడు."

నాకు చెవులు వేడెక్కాయి. ఆ పసుపు గీతే పోశ్చర్ కొలత, వాడు చెప్పింది అక్షరాలా నిజం. డార్క్ సోల్స్‌లో దొర్లితే ఆ దొర్లుడు మధ్యలో కాసేపు కత్తి నిన్నంటదు. ఏళ్ల తరబడి నా బొటనవేలు ఆ దొర్లుడు బటన్ మీదే బతికింది. సెకీరోలో ఆ రక్షణ చాలా కొంచెమే. పైగా దూరం జరిగితే శత్రువు పోశ్చర్ కుదుటపడుతుంది, నువ్వు అప్పటిదాకా కొట్టిందంతా బూడిదలో పోసినట్టే. ఇక్కడ చెయ్యాల్సింది ఎదురు నిలబడి, కత్తి తగిలే క్షణానికి గార్డ్ బటన్ నొక్కి డిఫ్లెక్ట్ చెయ్యడం, అంటే దెబ్బని పక్కకి తిప్పెయ్యడం. సరిగ్గా పడితే టంగుమని నిప్పురవ్వలు లేస్తాయి, పోశ్చర్ పోయేది వాడిది. తొందరపడితే నీది పోతుంది.

ఇదంతా గేమ్ మొదట్లోనే చెబుతారు. నేనూ చదివాను. చదవడం వేరు, వేలికి ఎక్కడం వేరు.

ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. ఈ యుద్ధం నాకు కొత్తదేమీ కాదు. 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా. అరవై నిమిషాల గడువు, తెల్ల బట్టల బొమ్మ. ఆ ఆట చేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, ఆ వీడియో చూసుకుంటూ దాని కదలికలు గీశాడు. అందులో కత్తియుద్ధం అంటే పైబాణం మీట నొక్కితే అడ్డం, షిఫ్ట్ నొక్కితే దెబ్బ. టక్, టిక్. టక్, టిక్. వెనక్కి జరుగుతూ పోతే వెనకున్న గోతిలో పడతావు. చిన్నప్పుడు ఆ తాళం నా చేతుల్లో ఉండేది. తర్వాత వచ్చిన పెద్ద పెద్ద ఆటలు నాకు లెవెల్స్, కవచాలు, దొర్లుళ్లు ఇచ్చి దాన్ని మరిపించేశాయి.

పొద్దున్నే లేచి గుడి దగ్గర హన్బే ముందుకి పోయాను. హన్బే చావలేనివాడు, సాధన కోసం తనని నరకమని తనే అడుగుతాడు. అతణ్ణి దాటేసి పోయేవాళ్లు మూర్ఖులు, మొన్నటిదాకా నేనూ వాళ్లలో ఒకణ్ణి. ఎర్రటి గుర్తు మెరిసినప్పుడు పోటు వస్తే ముందుకే అడుగేసి కత్తిని కాలికింద తొక్కాలి, దాని పేరు మికిరి. కాళ్ల మీదకి ఊపు వస్తే ఎగరాలి. గెనిచిరో గాల్లోకి లేచి దిగినప్పుడల్లా ఈ రెంటిలో ఏది చేస్తాడో చివరిదాకా తేల్చడు. రెండ్రోజులు నేను హన్బేతో తప్ప ఎవరితోనూ పోట్లాడలేదు, మావాడితో అయితే రిమోట్ కోసం పోట్లాడాననుకోండి.

మూడో వారం శనివారం మళ్లీ కోట ఎక్కాను. సొరబుర్ర ముట్టుకోలేదు. వాడికి ఎదురుగానే నిలబడ్డాను. టంగ్, టంగ్, టంగ్, ఒక దెబ్బ. వాడి ప్రాణాల గుర్తుల్లో మొదటిది పోయింది, రెండోది పోయింది. అప్పుడు వాడు పై బట్టలు తీసేసి మెరుపు పట్టుకుని లేచాడు. వెనక నుంచి "మావయ్యా, ఎగురు!" అని కేక. ఎగిరాను. మెరుపు గాల్లో నన్ను తాకింది, కాలు నేల తగిలేలోపు కత్తి ఝుళిపించాను, వాడి మెరుపు వాడికే తగిలింది. మెరుపు వస్తే నేల మీద ఉండకూడదు, ఈ ఒక్క ముక్క రాసి పెట్టుకోండి చాలు.

గెలిచాక నేను లేచి ఏమన్నానో గుర్తులేదు. మావాడు మాత్రం వాళ్లమ్మకి ఫోన్ చేసి, "మావయ్య ఏడ్చాడు" అని చెప్పాడట. అబద్ధం. కళ్లు మండాయి, అంతే.

తర్వాత అంతా పరుగే. తల తెగినా లేచి తలని చేత్తో పట్టుకుని వచ్చే కోతి రెండు రోజులు, గుడ్లగూబ పేరున్న పెంపుడు తండ్రి మూడు రోజులు. ఆఖరి యుద్ధం మొదట్లో మళ్లీ గెనిచిరోయే వస్తాడు. మూడు వారాలు నన్ను ఏడిపించినవాడు నిమిషంలోపే మోకాళ్ల మీద పడ్డాడు. వాడి తాత ఇష్షిన్ దగ్గర మాత్రం తొమ్మిది రాత్రులు పట్టింది. ఆయన మీద నాకు కోపం లేదు, మెరుపు ఆయన కూడా విసురుతాడు, ఎప్పుడు ఎగరాలో మనవడే నేర్పాడు.

సెకీరోలో ఈజీ మోడ్ లేదని కొందరికి మంట, ఉండాలన్నవాళ్లని చూస్తే ఇంకొందరికి మంట. నాకైతే మొదటి వారంలో ఉంటే సంతోషంగా నొక్కేసేవాణ్ణి. ఈజీ మోడ్ అడిగినవాళ్లని ఎగతాళి చేసేవాళ్లు ఎవరి ముందూ చచ్చి చూపించరు.

నిన్న సాయంత్రం కొత్త గేమ్ ప్లస్, అంటే సంపాదించిన బలంతో అదే ఆట మళ్లీ మొదటి నుంచి, మొదలెట్టాను. కథ మొదట్లో వెన్నెల్లో రెల్లుగడ్డి మధ్య గెనిచిరోతో యుద్ధం ఉంటుంది కదా, మొదటిసారి అక్కడ ఓడిపోయి చెయ్యి పోగొట్టుకున్నాను. ఈసారి ఒక్క గీత పడకుండా వాణ్ణి ఓడించాను. మావాడికి ఫోన్ చేసి మరీ చెప్పాలనుకున్నా. ఇంతలో తెర మీద కథ మొదలైంది. ఎవడో నింజా పక్క నుంచి ఏదో విసిరాడు, నా దృష్టి అటు పోయింది, గెనిచిరో నా చెయ్యి నరికేశాడు.