మామూలు కారుతో రేస్ ట్రాక్ మీదికి

రేసింగ్ మీద మనసు పడి, ఇంట్లో ఒక సాధారణ హ్యాచ్‌బ్యాకో సెడానో ఉన్నవాళ్లు నన్ను ముందుగా అడిగేది, ఇంజిన్ శక్తి పెంచడానికి ఏం మార్పించాలనే. ఏమీ మార్పించవద్దన్నదే నా సమాధానం. శక్తి తక్కువ ఉన్న కారులో మలుపు దగ్గర పోగొట్టుకున్న వేగం తరువాత వచ్చే నేరు దారిలో (స్ట్రెయిట్‌లో) అంత సులభంగా తిరిగి రాదు కాబట్టి, పొరపాటు ఎక్కడ జరిగిందో ల్యాప్ టైమే, అంటే ట్రాక్‌ను ఒక చుట్టు చుట్టడానికి పట్టిన సమయమే చెప్పేస్తుంది. శక్తి ఎక్కువ ఉన్న కారైతే అదే పొరపాటును యాక్సిలరేటర్ కింద దాచేస్తుంది, నేర్చుకోవలసినవాడు నేర్చుకోకుండానే వేగంగా వెళుతున్నానని అనుకుంటాడు. అందుకే ఖర్చు పెట్టదలచినదంతా తొలి ఏడాది బ్రేకుల మీద, టైర్ల మీద, పక్క సీట్లో కూర్చుని నేర్పే శిక్షకుడి మీద పెట్టమని గట్టిగా చెబుతాను.

వాటిలోనూ బ్రేకులకే మొదటి స్థానం. వేగం రెట్టింపైతే కారుకుండే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. 1,200 కిలోల కారు గంటకు 150 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గాలంటే సుమారు 8.75 లక్షల జౌళ్ల శక్తి వదిలించుకోవాలి; రెండు లీటర్ల నీటిని సున్నా డిగ్రీల నుంచి మరిగేదాకా తీసుకురావడానికి ఆ వేడి సరిపోతుంది. అందులో చాలా భాగం మూడు నాలుగు సెకన్లలో బ్రేక్ డిస్కుల్లోకే చేరుతుంది. రోడ్డు మీద ఇంత గట్టి బ్రేకు ఎప్పుడో గాని అవసరం పడదు. ట్రాక్ మీద మాత్రం ప్రతి ల్యాప్‌లోనూ, పెద్ద మలుపు వచ్చిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది, మధ్యలో డిస్కులు చల్లారడానికి తగిన వ్యవధి దొరకదు.

ఆ వేడి డిస్కు నుంచి ప్యాడ్‌కు, ప్యాడ్ నుంచి దాన్ని డిస్కుకు నొక్కే క్యాలిపర్‌కు, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌కు పాకుతుంది. మామూలు కార్లలో వాడే గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకూ మరగకూడదు, కానీ తేమ చేరిన ఆయిల్ విషయంలో ఆ ప్రమాణం కోరేది 155 డిగ్రీలే. డాట్ 3 అయితే ఈ అంకెలు 205, 140. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కితే నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. దాంతో పాదం వేసిన బలమంతా బుడగలను నొక్కడానికే ఖర్చయిపోయి, చక్రాల దాకా చేరదు.

ఇది హఠాత్తుగా ముంచుకొచ్చే ఆపద అనుకుంటారు గాని, చాలాసార్లు ముందే కబురు పంపుతుంది. అప్పటిదాకా గట్టిగా నిలబడిన పెడల్ ఒక మలుపు దగ్గర కాస్త ఎక్కువ లోతుకు దిగుతుంది. తరువాతి మలుపులో పాదం కింద స్పాంజిలా మెత్తగా తగులుతుంది. ఆ పైన ఫ్లోర్ దాకా వెళ్లిపోవచ్చు. మొదటి సూచన అందగానే వేగం తగ్గించి, వెనుకవాళ్లకు దారి ఇచ్చి, ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటుకు తీసుకెళ్లే దారి అయిన పిట్ లేన్‌లోకి వచ్చేయాలి. పెడల్ గట్టిగానే ఉండి కారు మాత్రం ఆగడం లేదంటే అది వేరే జబ్బు: ప్యాడ్‌లు తాము తట్టుకోగల వేడిని దాటి పట్టు కోల్పోయాయని అర్థం. ఈ రెండింటి తేడా పాదంతో గుర్తుపట్టడం వస్తే ఏ భాగం మార్చాలో దానంతట అదే తెలుస్తుంది. ట్రాక్‌కు వెళ్లే ముందు కొత్త డాట్ 4 ఆయిల్ పోయించి బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించడం, కాస్త ఎక్కువ వేడిని ఓర్చే ప్యాడ్‌లు వేయించడం నా దృష్టిలో తప్పనిసరి పనులు. ట్రాక్ మీద తిరిగే ఒక్కో విడతను సెషన్ అంటారు; ఆ సెషన్ చివరి ల్యాప్‌ను నెమ్మదిగా, బ్రేకులు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి డిస్కులకు గాలి తగలనివ్వాలి. కారు నిలిపాక హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేర్‌లో ఉంచాలి, కాలుతున్న డిస్కును ప్యాడ్‌తో బిగించి ఉంచడం రెండింటికీ మంచిది కాదు.

టైర్ల విషయానికొస్తే, 20 డిగ్రీల దగ్గర 32 పీఎస్ఐ గాలి ఉన్న టైరు లోపల 60 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి దాదాపు 38కి చేరుతుంది. అందువల్ల ఉదయం కొలిచిన గాలిని నమ్ముకోకుండా సెషన్ ముగిసి లోపలికి వచ్చిన వెంటనే వేడి మీదే కొలిచి సరిచేసుకోవాలి, తిరిగి రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి. ఇంజిన్ ఆయిల్‌ను పై గీత దాకా ఉంచాలి, ఎందుకంటే పొడవాటి మలుపులో ఆయిల్ ఇంజిన్ అడుగున ఉండే సంప్ అనే తొట్టిలో ఒక పక్కకు ఒరిగి పంపుకు అందకపోవచ్చు. పెట్రోలూ అంతే, ట్యాంకు అడుగంటనివ్వకూడదు. చక్రాల నట్లు ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించి, క్యాబిన్‌లో విడిగా ఉన్న ప్రతి వస్తువునూ తీసేయాలి.

ఇక నడపడం. కొత్తవాళ్లలో నేను పదే పదే చూసేది, చూపు బానెట్ ముందరే ఆగిపోవడం. బ్రేకు వేస్తున్నప్పుడే కళ్లు అపెక్స్ మీద, అంటే మలుపు లోపలి అంచుకు కారు అతి దగ్గరగా వచ్చే చోటు మీద ఉండాలి, కారు అపెక్స్ చేరేలోపే చూపు మలుపు ముగిసే చోటి బయటి అంచుకు వెళ్లిపోవాలి. చేతులు చూపు వెంటే నడుస్తాయి. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే, దాన్ని బ్రేకూ స్టీరింగూ పంచుకోవాలి కాబట్టి మొదట్లో బ్రేకు పని నేరుగా వెళుతున్నప్పుడే ముగించి తరువాత తిప్పడం క్షేమం. ముందు చక్రాలతో నడిచే కారు మలుపులో బయటికి జారుతుంటే స్టీరింగ్ ఇంకా తిప్పి లాభం లేదు, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గిస్తే ముందు టైర్లకు పట్టు తిరిగి వస్తుంది. ఆ మాటలో మెల్లగా అన్నదే ముఖ్యం. మలుపు మధ్యలో భయపడి పాదం ఒక్కసారిగా ఎత్తేస్తే బరువు ముందుకు పడి, వెనుక చక్రాలు తేలికై, కారు గిరుక్కున తిరుగుతుంది. ఈ సంగతి చదివి తెలుసుకోవడం వేరు, పక్కనున్న శిక్షకుడు సరైన క్షణంలో చెప్పగా ఒంటికి పట్టడం వేరు. ఆ పాఠం కోసం నేను ఎంత దూరమైనా వెళతాను.

జెండాలు ముందురోజే నేర్చుకుని వెళ్లాలి. పసుపు కనిపిస్తే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చేయకూడదు. ఎరుపు కనిపిస్తే సెషన్ ఆగింది, వెనుక చూసుకుని వేగం తగ్గించి పిట్‌లోకి రావాలి. నీలం అంటే వెనుక వేగమైన కారు ఉంది. హెల్మెట్ స్నెల్ సంస్థ కారు రేసింగ్ హెల్మెట్లకు ఇచ్చే ఎస్ఏ ముద్ర ఉన్నదైతే మేలు, మోటార్‌సైకిల్ హెల్మెట్లకు చేయని మంటల పరీక్ష దానికి చేస్తారు. బీమా పత్రంలో ట్రాక్ వాడకం గురించి ఏం రాశారో సంతకం పెట్టకముందే చదవాలి, సాధారణ పాలసీలు చాలావరకు దాన్ని మినహాయిస్తాయి.

ఇంతసేపూ చెప్పింది ట్రాక్ డే గురించి, అంటే సొంత కారును ట్రాక్ మీద నడిపి నేర్చుకునే రోజు గురించి. అది రేసు కాదు, అక్కడ ఎవరికీ స్థానాలు ఉండవు. రేసు చేయాలంటే ప్రపంచ మోటార్ రేసింగ్‌ను పర్యవేక్షించే ఎఫ్ఐఏ సంస్థ గుర్తింపు ఉన్న జాతీయ సంఘమో క్లబ్బో ఇచ్చే లైసెన్సు కావాలి. టైర్లు, గాలి, ఎండ మారినా ల్యాప్ టైమ్‌లు ఒకదానికొకటి దగ్గరగా వస్తున్నప్పుడు, అద్దంలో కనిపించిన కారుకు చోటిస్తూ కూడా మీ దారి మీద అదుపు తప్పనప్పుడు ఆ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మధ్యలో టైమ్ ట్రయల్స్, అంటే ఇతర కార్లతో కాకుండా గడియారంతో పోటీ పడేవి, మంచి మెట్టు. రేసుకు కారు బోల్తా పడినా లోపలివాళ్లను కాపాడే ఉక్కు గొట్టాల చట్రం (రోల్ కేజ్), ఆరు పట్టీల సీట్ బెల్ట్ (హార్నెస్), మంటలను తట్టుకునే దుస్తులు, అగ్నిమాపక పరికరం వంటివి అడుగుతారు. రోల్ కేజ్ బిగించిన కారును మాత్రం రోజూ రోడ్డు మీద తిప్పవద్దు: హెల్మెట్ లేని తల చిన్న గుద్దులోనే ఆ ఉక్కు గొట్టానికి తగలవచ్చు. కాబట్టి ఆ దశకు వచ్చినవాళ్లు ఇంటి కారును ఇంటికే వదిలేసి, ఇప్పటికే కేజ్ బిగించి రేసుల్లో నడిచిన పాత కారొకటి కొనుక్కోవడం మేలు. విడిగా భాగాలు కొని బిగించుకోవడం కంటే చాలాసార్లు అదే చౌకగా తేలుతుంది.